బందరు గాలిలో పులిచారల మేపుల్

ఆ ఆదివారం ఆరాధనలో రెండో కీర్తన మధ్యలో నా గిటారు మళ్ళీ శ్రుతి తప్పింది. తీగలు వదులై తప్పడం కాదు. ఊరికే మీటితే సరిగ్గానే పలుకుతోంది, వేలు పెట్టి నొక్కితే మాత్రం లావు తీగ చిర్రుమంటోంది, సన్న తీగ పక్క స్వరంలోకి జారిపోతోంది. కీబోర్డు దగ్గరున్న విజయ్ కుమార్ తల తిప్పి నన్నొకసారి చూశాడు. తర్వాత ఎడమ చేత్తో మిక్సర్ మీద నా వాల్యూమ్ మీటను మెల్లగా కిందికి దించేశాడు. పాట అయిపోయేదాకా నా వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. ముందు వరసలో కూర్చున్న స్త్రీల సమాజం వాళ్ళు నన్నే చూస్తున్నారు.

ఆరాధన అయ్యాక అతనే వచ్చాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, మా సంఘంలో పాటల బాధ్యతంతా అతనిదే. కోపం లేకుండానే చెప్పాడు.

"తప్పు మీది కాదక్కా. ఆ చారల కొయ్య మన బందరు గాలికి ఆగదు. చూడ్డానికి బాగుంటుంది, అంతే."

నవంబరులో గుడివాడలో స్త్రీల సమాజం కూటాలు. జిల్లా సంఘాలన్నీ వస్తాయి. మొదటి పాటకి ముందు వచ్చే గిటారు వాయిద్యం నేను వాయించాలని వేసవిలోనే అనుకున్నారు. ఇప్పుడు విజయ్ కుమార్ ఏమంటాడంటే, కొత్త కీబోర్డులో గిటారు శబ్దం కూడా ఉంది, అంతమంది ముందు అపశ్రుతి వస్తే పోయేది సంఘం పరువు. అక్టోబరులో హంసలదీవి దగ్గర పల్లెకారుల పేటలో చిన్న చర్చి ప్రతిష్ఠ ఉంది. సముద్రం పక్కనే. అక్కడ గనక నా గిటారు నిలబడితే గుడివాడలో నేనే మొదలుపెట్టవచ్చు. నిలబడకపోతే కీబోర్డుతో కానిచ్చేద్దామన్నాడు. న్యాయంగానే ఉంది. సరే అన్నాను.

ఆ గిటారు నాకు గుడివాడలోనే దొరికింది. అభినవ్ అని పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించే కుర్రవాడు, ఆర్కెస్ట్రా ఎత్తేశాక సామాను అమ్మేస్తుంటే చూడ్డానికి వెళ్ళాను. చిన్నప్పుడు మా నాన్న నేర్పింది పెట్టె గిటారు. ఎలక్ట్రిక్ గిటారు చేతిలోకి తీసుకోవడం అదే మొదలు. వెనక్కి తిప్పి చూస్తే నెక్, అంటే వేళ్ళు ఆడే పొడవాటి మెడ, దాని పొడవునా అడ్డంగా చారలు. కొంచెం వంచితే ఒక చార వెలిగి పక్కది ఆరిపోతోంది. పొద్దుటిపూట కాలవలో నీళ్ళు ఇలాగే కదులుతాయి. చేత్తో తడిమితే ఎత్తుపల్లాలేమీ లేవు, నున్నగా ఉంది. అది మేపుల్ కొయ్య అనీ, పులిచారలు ఉన్నది అరుదనీ అభినవ్ చెప్పాడు. నేను బేరం కూడా ఆడలేదు.

మా ఆయన దానియేలు కాలవల శాఖలో పనిచేస్తారు. గేటు తుప్పుపడితే గేటు మార్చాలనే మనిషి. చారల్లేని మామూలు నెక్ తెప్పించి బిగించుకుంటే గొడవ వదిలిపోతుందన్నారు. గుడ్లవల్లేరు హాస్టల్లో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి బ్లెస్సీ కూడా ఫోనులో అదే మాట. తండ్రీకూతుళ్ళు నాకు తెలియకుండా మాట్లాడుకున్నట్టున్నారు. తప్పు కొయ్యదే అని తేలితే మారుస్తానని ఇద్దరికీ చెప్పాను. తేలకుండా మార్చను.

నేను వృక్షశాస్త్రం చదివాను. చదివి పాతికేళ్ళు దాటింది కానీ పుస్తకాలు అటక మీదే ఉన్నాయి. చారలు రంగు కాదు. మామూలు కొయ్యలో నారలు తిన్నగా పోతాయి. చారలున్న కొయ్యలో అవి అలల్లా పైకీ కిందికీ పోతాయి. అల పైకి లేచిన చోట నారల కొసలు తెగి, నోరు తెరుచుకుని ఉంటాయి. ఆ కొసలు తేమను తాగుతాయి. తేమ తాగిన కొయ్య మామూలుగా అడ్డంగా ఉబ్బుతుంది. అలలున్న కొయ్య నిలువునా కూడా కాస్త సాగుతుంది. అంటే విజయ్ కుమార్ మాటలో అబద్ధం లేదు. కానీ గిటారు చేసినవాళ్ళకి ఈ సంగతి తెలియదా? తెలిసే కదా పైన వార్నిష్ పోశారు.

తీగలు విప్పి, నెక్‌ను ఒంటి నుంచి ఊడదీసి, వంటింటి గట్టు మీద పెట్టుకున్నాను. వేళ్ళు ఆడే ముఖం వైపు ఒక నీటిబొట్టు వేశాను. చేమాకు మీద బొట్టులా నిలబడింది. వెనక్కి తిప్పి వీపు మీద ఒక బొట్టు వేశాను. నేను చూస్తుండగానే ఇంకిపోయింది. అదీ ఒక్కలా ఇంకలేదు, చారల వెంట ముందు, మధ్యలో తర్వాత.

అభినవ్‌కి ఫోన్ చేసి వెనక వార్నిష్ ఏమైందని అడిగాను. నవ్వేశాడు. పెళ్ళిళ్ళలో చెమటకి చెయ్యి అంటుకుపోతోందని, వేగంగా జారడానికి గరుకు కాగితంతో తనే గీకేశాడట. గుడివాడలో కుర్రాళ్ళందరూ అలాగే చేసేవాళ్ళట. మీరూ ట్రై చేయండి, చెయ్యి భలే జారుతుంది అని సలహా కూడా ఇచ్చాడు.

ఫోన్ పెట్టేసి ఆ నెక్ వంకే చూస్తూ నిలబడ్డాను. ముఖానికి వార్నిష్ ఉంది, వీపుకి లేదు. వీపు గాలిలో తేమంతా తాగి ఉబ్బుతోంది, ముఖం ఉబ్బడం లేదు. అప్పుడది తీగల వైపుకి వంగక ఏం చేస్తుంది. పైగా అలలు అన్నిచోట్లా ఒక్కలా లేవు కాబట్టి కొంచెం మెలి కూడా పడింది. తలుపు చెక్కని వడ్రంగి చూసినట్టు ఒక కన్ను మూసి కొస నుంచి చూస్తే ఆ మెలి కనబడుతోంది కూడా. కాబట్టి చారలకి శిక్ష వేయనక్కర్లేదు. వార్నిష్ అనే బట్ట తీసేసినవాడు వేరు.

సరి చేయడానికి బందరులో తలుపులు చేసేవాళ్ళు పనికిరారు. అంత సన్నటి తేడా పట్టేవాళ్ళు కావాలి. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే అబూబకర్ గారు గుర్తొచ్చారు. ఆయన భార్య గౌసియా నా డిగ్రీ క్లాస్‌మేట్. అచ్చు ముఖం వెంట్రుకవాసి పల్లంగా ఉన్నా గుడ్డ మీద రంగు పడదు. అందుకని ఆయన దగ్గర ఒక నల్లరాయి పలక ఉంటుంది, ప్రతి అచ్చునూ దాని మీద బోర్లించి వెలుతురు కనబడుతుందేమో చూస్తారు.

నెక్ అందుకుని ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. టేకు తప్ప ఇంకో కొయ్య ముట్టుకోవడం అరుదు ఆయనకి. చారల మీద గోరు పెట్టి గీకబోయి మానేశారు. మెలి ఎంతుందో పలక మీద చూసి చెప్పమన్నాను. ముఖం మీద వేళ్ళ కింద అడ్డంగా ఉండే ఇత్తడి మెట్లు ఎక్కడైనా లేచాయేమో కూడా చూడమన్నాను. నిదానంగా చూడాలి, ఉంచి వెళ్ళమన్నారు. గౌసియా టీ ఇచ్చి, కాలేజీ రోజుల్లో గిటారు తెచ్చినందుకు ప్రిన్సిపాల్ నన్ను బయట నిలబెట్టిన సంగతి మొగుడికి చెప్పి నవ్వించింది. నేను ఉంచి వచ్చాను.

రెండు రోజుల తర్వాత వెళ్తే నెక్ పలక మీద లేదు. వసారాలో అచ్చులు నానబెట్టే నూనె తొట్టి ఉంది. అందులో కొత్త అచ్చుల మధ్య, మొదలు కిందికి పెట్టి, నా నెక్ నిలబడి ఉంది.

చెప్పులు విప్పకుండానే తొట్టి దగ్గరికి వెళ్ళాను. అబూబకర్ గారు మాత్రం సంతోషంగా ఎదురొచ్చారు.

"వీపంతా ఎండిపోయి ఉంది చెల్లెమ్మా. దాహంతో ఉన్న కొయ్య. మా అచ్చులకి నూనె పట్టిస్తే ఏళ్ళ తరబడి రంగునీళ్ళలో మునిగి తేలినా వంకర పోవు. మీరు అడక్కపోయినా నేనే పెట్టాను."

"దీనికి పైన పాలిష్ వేయాలి అన్నయ్యగారూ," అన్నాను. "నూనె తాగిన కొయ్య మీద పాలిష్ పట్టదు."

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. అచ్చుకి పాలిష్ వేసే పని ఆయనకి ఎప్పుడూ లేదు. వాళ్ళ నాన్న దగ్గర్నుంచీ కొయ్య అంటే చెక్కడం, నానబెట్టడం, అంతే. నేనేమో పాలిష్ సంగతి చెప్పకుండా ఉంచి వెళ్ళిపోయాను. లోపలి నుంచి గౌసియా వచ్చి తొట్టినీ మా ఇద్దరినీ చూసింది.

"నూనె కనబడితే ఆగలేరే ఈయన. నేను ఊరుకుంటే వచ్చిన చుట్టాల్ని కూడా ముంచి తీస్తారు."

ఎవరం నవ్వలేదు. నెక్ బయటకి తీసి తుడిచి చూశాను. నూనె మొదలు నుంచి పైకి ఎక్కి, ఒక్కో అల దగ్గర బయటికి వచ్చింది. చారలు ముదిరి తేనెరంగుకి తిరిగాయి. నిజం చెప్పాలంటే అంత అందంగా అది ఎప్పుడూ లేదు. అందుకే ఇంకా కష్టంగా అనిపించింది. ఇక మామూలు నెక్ తెప్పించుకోండి, సగం నేను పెట్టుకుంటానని ఆయన నేల చూస్తూ అన్నారు. వద్దన్నాను. మింగిన నూనెని కక్కించవచ్చేమో చూద్దామన్నాను.

చీర మీద ఆవకాయ నూనె పడితే ఏం చేస్తాం? ఉతికితే పోదు, ఇంకా పాకుతుంది. పౌడరు చల్లి ఉంచితే పౌడరే లాగేస్తుంది. గౌసియాకి ఆ మాట అనగానే లోపలికి వెళ్ళి పౌడరు డబ్బా తెచ్చింది. అది చాలదని అబూబకర్ గారు సుద్దపొడి తెప్పించారు. సుద్దని స్పిరిట్‌తో ముద్దలా కలిపి, నెక్ వీపుకీ మొదలుకీ మందంగా పట్టించి, పాత నూలు గుడ్డ చుట్టాం. మర్నాడు విప్పితే సుద్ద పసుపుపచ్చగా ఊడివచ్చింది. మళ్ళీ పట్టించాం. నేను రోజూ పెడన వెళ్ళలేను కాబట్టి రెండోరోజు నుంచి ఇంటికి తెచ్చుకుని చేశాను. వంటయ్యాక అన్నం వార్చిన చేత్తోనే సుద్ద కలిపేదాన్ని. దానియేలు గారు భోజనం చేస్తూ, ఈ ఇంట్లో తనకంటే ఆ కొయ్యకే పథ్యం బాగా జరుగుతోందన్నారు. సుద్ద తెల్లగా ఊడివచ్చేదాకా ఆపలేదు. మొదలు దగ్గర మాత్రం తేనెరంగు మరక మిగిలిపోయింది. ఎంత చేసినా పోలేదు. అది ఒంటికి బిగించే చోటు, బయటికి కనబడదు, ఉంటే ఉండనీ అనుకున్నాను.

ఆ తర్వాత తేమ దించాలి. వానాకాలంలో మా పట్టుచీరలకి బూజు పట్టకుండా చెక్క బీరువాలో చిన్న బల్బు వెలిగిస్తాం. ఆ బీరువాలోనే ఒక మూల నెక్‌ను వేలాడదీశాను. రోజూ తీసి కొస నుంచి చూసేదాన్ని. తేమ దిగేకొద్దీ మెలి చాలావరకు దానంతటదే విప్పుకుంది. కొంచెం మిగిలితే అబూబకర్ గారు తిన్నటి టేకు పలకకి గుడ్డ వేసి బిగించి, పక్కన చెక్క చీలలు కొట్టి ఉంచారు. నల్లరాయి పలక మీద బోర్లిస్తే వెలుతురు కనబడని రోజు ఆయనే ఫోన్ చేశారు.

ఇక లక్క పాలిష్. ఆయనకి తొందరగా ఉంది, చేసిన తప్పు త్వరగా దిద్దుకోవాలని. నేను వెళ్ళేసరికి గుడ్డ, స్పిరిట్, అన్నీ సిద్ధంగా పెట్టుకున్నారు. బయట తుంపర పడుతోంది. చెమ్మలో లక్క వేస్తే పాలు విరిగినట్టు తెల్లబడుతుంది, కింద తేమ బందీ అయిపోతుంది. వద్దన్నాను. ఆయన గౌసియా వైపు తిరిగి ఉర్దూలో ఏదో అన్నారు. నీ క్లాస్‌మేట్ మనిషి కాదు, కొలబద్ద అన్నారని అది నాకు వెంటనే చెప్పేసింది.

ఎండ కాయడానికి వారం పైనే పట్టింది. ఈలోగా విజయ్ కుమార్ ఫోన్ చేసి రిహార్సల్‌కి గిటారు ఎప్పుడు తెస్తారని అడిగాడు. తెస్తాను అన్నాను. నెక్ లేని గిటారు మా మంచం కింద పడి ఉందని చెప్పలేదు. పడమటి గాలి తిరిగి, ఆరేసిన బట్టలు మధ్యాహ్నానికే పెళపెళలాడిన రోజు ఆటో ఎక్కి పెడన వెళ్ళాను. పలచగా ఒక పూత, ఆరాక ఇంకోటి, మళ్ళీ ఇంకోటి. ఆయన చెయ్యి ఎంత నెమ్మదైనదో ఆ రోజు చూశాను. చివరికి వీపు మీద నీటిబొట్టు వేశాను. చేమాకు మీద బొట్టు. ముగ్గురం వంగి చూస్తూ ఉండిపోయాం. అది ఇంకలేదు.

ప్రతిష్ఠ రోజుదాకా బీరువాలోనే దాచమన్నారు అబూబకర్ గారు. నాకది నచ్చలేదు. బల్బు వెచ్చదనంలో ముద్దుగా పెంచి ఒక్కసారిగా సముద్రం పక్కకి తీసుకెళ్తే అక్కడ కదులుతుంది. కదిలేదేదో ఇక్కడే కదలనీ. తీగలు బిగించి, గిటారును తీసుకెళ్ళి మా చర్చిలోనే, తూర్పు కిటికీ పక్కన పెట్టాను. మధ్యాహ్నమయ్యేసరికి ఆ కిటికీలోంచి సముద్రపు గాలి కొడుతుంది. చర్చి ఊడ్చే మహాలక్ష్మికి దాన్ని ముట్టవద్దని చెప్పాను. వానకి తడుస్తుందమ్మా లోపలికి పెట్టనా అని ఆమె రెండుసార్లు అడిగింది. వద్దన్నాను. మొదటి రెండు రోజులు కొంచెం వంగింది. నెక్ లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, ఎలెన్ కీ అనే ఆరుపలకల చిన్న తాళంచెవితో కొస దగ్గర తిప్పితే కొయ్యని ముందుకో వెనక్కో లాగుతుంది. తిప్పాను. తర్వాత కదలడం ఆగింది. తీగను మొదటి మెట్టు మీదా చివరి మెట్టు మీదా నొక్కి పట్టుకుని, మధ్యలో కింద ఎంత సందుందో రోజూ చూశాను. విజిటింగ్ కార్డు దూరేంత. రోజూ అంతే.

హంసలదీవికి వ్యానులో వెళ్ళాం. పులిగడ్డ దాటినప్పుడు చిన్నగా మొదలైన వాన కోడూరు వచ్చేసరికి పెద్దదైంది. కొత్త చర్చి సరిపోదని ముందు టార్పాలిన్ పందిరి వేశారు. సముద్రం కనబడదు కానీ వినబడుతూ ఉంది, పెదవులు తడుపుకుంటే ఉప్పగా ఉంది. విజయ్ కుమార్ కీబోర్డుకి ప్లాస్టిక్ కవరు కప్పి, దాని కింద చేతులు పెట్టి వాయించాడు. నేను అతని పక్కన నిలబడ్డాను. మొదటి పాట బాగా పలికింది. రెండోదీ. మూడో పాట అయ్యేసరికి గాలి మళ్ళి, పందిరి పక్క గుడ్డ లేచిపోయి, జల్లు సూటిగా నా మీదికి కొట్టింది. నాలుగో పాటలో లావు తీగ చిర్రుమంది. చిన్నగానే. కానీ నాకు వినబడితే అతనికీ వినబడి ఉంటుంది.

అప్పుడు ప్రార్థన మొదలైంది. పాస్టరుగారు ప్రతిష్ఠ ప్రార్థన మొదలుపెడితే పడవల్నీ వలల్నీ పేరుపేరునా తలుచుకునేదాకా ఆపరు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేను మూయలేదు. పర్సులోంచి ఎలెన్ కీ తీశాను. తీగను నొక్కి చూశాను. కొస నుంచి చూశాను. మెలి లేదు. కొంచెం వెనక్కి వంగింది, అంతే. కీ పెట్టి కడ్డీని కొద్దిగా వదులు చేశాను. గిటారును చెవి దగ్గరికి ఎత్తి తీగలు ఒక్కొక్కటే సరి చేసుకున్నాను. తల ఎత్తితే విజయ్ కుమార్ కూడా కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తున్నాడు.

ఆమేన్ తర్వాత చివరి పాట. మొదలుపెట్టే ముందు అతని ఎడమ చెయ్యి మిక్సర్ మీదికి వెళ్ళింది. నా మీట మీద ఆగింది. నేను అటు చూడటం మానేసి వాయించడం మొదలుపెట్టాను. లావు తీగ మీద వేలు పెట్టి గట్టిగా నొక్కాను. నిండుగా పలికింది. సన్న తీగ మీద పై మెట్ల దాకా వెళ్ళి వచ్చాను. ఎక్కడా జారలేదు. అరచేతి కింద వీపు తడిగా ఉంది, ఆ తడి పైనే ఉంది, లోపలికి పోలేదు. పాట సగం అయ్యాక చూస్తే అతని చెయ్యి మిక్సర్ మీద లేదు. మీట ఎక్కడుందో అక్కడే ఉంది.

సామాను సర్దుతున్నప్పుడు దగ్గరికొచ్చాడు.

"ప్రార్థనలో తిప్పారు. చూశాను."

"తిప్పాను," అన్నాను. "కొయ్య అసలు కదలదని నేను చెప్పలేదు విజయ్. చారలున్నదయితే ఇంకాస్త కదులుతుంది. కదిలింది, తిప్పితే తిరిగొచ్చింది. అందుకే ఆ కడ్డీ పెట్టారు. మెలి పడితేనే చేతులెత్తేయాలి. పడిందేమో నువ్వే చూసుకో."

గిటారు అతని చేతికిచ్చాను. ఒక కన్ను మూసి కొస నుంచి చూశాడు. ఎలా చూడాలో తెలియక తల అటూ ఇటూ వంచాడు. తీగను రెండు మెట్ల మీదా నొక్కి పట్టుకోమని చూపించాను. జేబులోంచి ఎవరిదో విజిటింగ్ కార్డు తీసి కిందికి దూర్చాడు. దూరింది. ఇంకోచోట ప్రయత్నించాడు. అక్కడా అంతే. తర్వాత నెక్ వెనక్కి తిప్పి, తడి మీద వేలితో రాసి, చారలు వెలగడం ఆరడం కాసేపు చూశాడు.

"గుడివాడలో మొదటి పాటకి కీబోర్డు తర్వాత వస్తుంది," అన్నాడు. "ముందు మీరే. ఆ కీ మాత్రం మర్చిపోకండి అక్కా."

గిటారును పెట్టెలో పెట్టి మూత వేసి, ఎత్తుకుని వ్యాను వెనక్కి నడిచాడు. అక్కడ నీళ్ళ క్యాన్లు, తడిసిన టార్పాలిన్ ఉన్నాయి.

"అక్కడ కాదు విజయ్," అన్నాను. "ఇలా ఇవ్వు, ఒళ్ళో పెట్టుకుంటాను."